సగం కాలిన మొదటి ఫోటో

మొన్న అమలాపురంలో ఒక పెళ్ళికి ఫోటోలు తీయడానికి వెళ్ళాను. పెళ్ళికూతురిని ముస్తాబు చేస్తున్న గదిలో ఓ మూల కూర్చుని కెమెరా సర్దుకుంటూ, సంచిలో చేయి పెట్టి లవంగాల డబ్బా తీశాను. వేలెడంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి బూడిదరంగు మూత. ఒకప్పుడు ఇలాంటి డబ్బాల్లోనే ఫిల్ము రీళ్ళు వచ్చేవి. బొటనవేలితో నెడితే టప్పున మూత ఊడింది. లవంగాల ఘాటు వెనకాల ఇంకో వాసన వచ్చింది. కొత్త ఫిల్ముకుండే ఆ పుల్లటి మందు వాసన ఇన్నేళ్ళు లవంగాలు పోసినా పోలేదు. అది ముక్కుకి తగిలిందంటే చాలు, రాజోలు బజారులో మేడమీది గది, కాలవ వైపు కిటికీ, పక్కన నల్ల గొడుగు పెట్టుకుని రీలు ఎక్కిస్తున్న సలోమి దొడ్డమ్మగారు కళ్ళముందుకి వచ్చేస్తారు. ఆ డబ్బా ఆవిడదే. స్టూడియోలో చేరిన మొదటి వారంలో నాకు ఆయాసం వస్తే, లవంగం ఒకటి బుగ్గన పెట్టుకోమని చేతిలో పెట్టారు. తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

ఆవిడ నాకు బంధువు కారు. మా అమ్మ వెళ్ళే గుడికే, అంటే చర్చికే, ఆవిడా వచ్చేవారు కాబట్టి వరస కలుపుకుని దొడ్డమ్మగారు అనేవాళ్ళం. భర్త నడిపిన ఫోటో స్టూడియోని, ఆయన పోయాక మూసేస్తారని బజారంతా అనుకుంటే, నెల తిరక్కుండా తలుపు తీసి తనే కెమెరా పట్టుకున్నారట. ఎప్పుడూ తెల్ల చీరే, మణికట్టుకి భర్త వాచీ, నడుముకి బిగించి దోపిన కొంగు. ఎండైనా వానైనా గొడుగు ఉండాల్సిందే. పెళ్ళిపందిట్లో ఆవిడ గొడుగు కనబడితే, “ఫోటోలావిడ వచ్చేసేరు, ఇంక మొదలెట్టండి” అనేవారు పురోహితులు కూడా. నేనీవేళ చేస్తున్న పనిలో ఏ కొంచెం మంచి ఉన్నా దానికి మొదట దేవుణ్ణి, తర్వాత ఆవిణ్ణి తలుచుకుంటాను. ఆవిణ్ణి ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను బడి గుమ్మం తొక్కలేదు. మా ఊరు గోదావరి మధ్య లంకలో ఉంది. బడికి వెళ్ళాలంటే పడవ దాటాలి. అయిదో ఏట పట్టుకున్న ఉబ్బసం నీటిగాలికి ఎక్కువయ్యేది. అందుకని నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. పొద్దున్నే బైబిల్లో ఒక అధ్యాయం, తర్వాత లెక్కలు, సాయంత్రం తెలుగూ ఇంగ్లీషూ. ఆయన చేతిలో ఎర్రసిరా కలం ఉండేది. మార్జిను గీత మీదకి ఒక్క అక్షరం పాకినా పేజీ మొత్తం మళ్ళీ రాయాలి. అమ్మ జాలిపడి ఏదైనా అనబోతే, “గీత దాటడం అలవాటైతే అక్షరంతో ఆగదు” అనేవారు. ఆ కఠినత్వానికి నేను ఈ రోజుకీ కృతజ్ఞురాలినే. కుదురుగా కూర్చోవడం, మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేయడం ఆయన దగ్గరే వచ్చాయి. కానీ గీత దాటకపోతే చాలు, అంతా సరిగ్గా ఉన్నట్టే అనే నమ్మకం కూడా ఆయన దగ్గరే వచ్చింది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నాన్నగారు నన్ను రాజోలు తీసుకొచ్చి దొడ్డమ్మగారికి అప్పగించారు. గాలి ఆడే మేడ గది, ఎండలో తిరిగే పని అంతగా ఉండదు, ఆడవాళ్ళతో పని, నాకు తగినదని ఆయన ఆలోచన.

“పుస్తకం ఇస్తే చాలండీ, మొత్తం చదివేస్తుంది. చెప్పిన మాట జవదాటదు,” అన్నారు నాన్నగారు గర్వంగా.

“ఆయ్, అదేనండీ నా భయం,” అన్నారు దొడ్డమ్మగారు.

నాన్నగారు నవ్వాలో వద్దో తెలియక టీ తాగి వెళ్ళిపోయారు. ఆవిడ నా చేతికి కెమెరా ఇవ్వలేదు. కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకం ఇచ్చారు. మూడు రోజుల్లో కంఠస్థం చేసి అప్పజెప్పాను. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. అందరి కళ్ళూ కెమెరావైపు ఉండాలి. తల తెగకూడదు. ఎవరూ కదలకూడదు. కొత్త రీలు ఎక్కించాక మొదటి రెండు ఫోటోలు ఉత్తినే నొక్కి వదిలేయాలి. ఊపిరి తీసుకోకుండా చెప్పేసి, మార్కులు ఎన్ని వేస్తారా అని చూశాను.

“బావుందమ్మా. ఆ పుస్తకం ఇప్పటిదాకా ఎవర్నైనా ఫోటో తీసిందా?”

“లేదండీ.”

“మరి మనం తీయాలి కదా. పద.”

ఆవిడ నియమాలు తెలియని మనిషి అనుకుంటే పొరపాటు. ఉద్యోగాల దరఖాస్తులకి ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళని నానా తిప్పలు పెట్టేవారు. ఒక కుర్రాడిని జుట్టు సరిగ్గా దువ్వుకుని రమ్మని మూడుసార్లు మెట్లు దింపారు. “రెండు చెవులూ కనబడాలి బాబూ. ఒక చెవితో ఉద్యోగం ఇవ్వరు,” అనేవారు. కానీ అదే మనిషి ఒకసారి రేవు దగ్గర, గోదారి దాటించే పంటు మీంచి దిగుతున్న కొత్త కోడల్ని సూర్యుడికి ఎదురుగా నిలబడి తీశారు. నీళ్ళ మీది వెలుగు మొత్తం కెమెరాలోకి కొట్టి, ఆ పిల్ల ముఖం సగం నీడలో ఉండిపోయింది. ఇదేమిటండీ అని నేను గొణిగితే, “ఎండకేసి నిలబెడితే కళ్ళు చికిలించుకుంటాదే. కొత్త ఊరుని కళ్ళు తెరుచుకుని చూడనీ,” అన్నారు. ఆ ఫోటోలో ఆ పిల్ల కళ్ళు నిజంగానే పెద్దవి చేసుకుని చూస్తోంది. ఒక పెళ్ళిలో అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తండ్రి పెట్టెలు కారెక్కిస్తుంటే, తల లేకుండా ఆయన చేతులు మాత్రమే తీశారు. తల తెగిపోయిందని నేను కంగారుపడ్డాను. తీసిన ఫోటోల్లో ఆ ఇంటివాళ్ళు పెద్దది చేయించుకున్నది అదొక్కటే.

ఇవన్నీ నాకు అప్పుడు తప్పులుగానే కనబడేవి. వయసు మీదపడి చేయి అదుపు తప్పుతోందేమో పాపం అనుకునేదాన్ని. వాటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆవిడ సున్నా ఫోటో.

ఫిల్ము వాడనివాళ్ళకి ఇది కాస్త చెప్పాలి. కెమెరా వెనక తలుపు తీసి రీలు ఎక్కించేటప్పుడు ఫిల్ము మొదటి జానెడు వెలుతురులోకి వచ్చేస్తుంది. వెలుతురు తగిలిన ఫిల్ము కాలిపోయినట్టే. దాని మీద బొమ్మ పడదు. అందుకే తలుపు వేశాక రెండుసార్లు ఉత్తినే నొక్కి, కాలిన భాగాన్ని దాటించి, కెమెరా మీది చిన్న కిటికీలో ‘ఒకటి’ అంకె వచ్చాకే ఫోటో మొదలుపెట్టాలి. దొడ్డమ్మగారు అలా వదిలేసేవారు కాదు. అంకె రాకముందే, రీలు ఎక్కించిన చోటే, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకేసి ఒకటి నొక్కేసేవారు. అది కడిగించాక సగమే వచ్చేది. ఒకవైపు మనిషి ఉండేది. రెండోవైపు నారింజరంగు నుంచి తెలుపులోకి కరిగిపోయి ఏమీ ఉండేది కాదు.

మలికిపురం దగ్గర ఒక పెళ్ళిలో, వంటల దగ్గర బూరెలు వేయిస్తున్న ఆవిడకేసి అలాగే నొక్కారు. ఆ వంటావిడ ఉలిక్కిపడి, “నన్నెందుకండీ బాబూ, ఈ అవతారంలో!” అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

“దొడ్డమ్మగారూ, అది కాలిపోతుంది కదండీ,” అన్నాను నేను, పుస్తకం చదివినదాన్ని కదా.

“సగం కాలుద్ది. సగం ఉంటాది.”

“సగం ఫోటో ఎందుకండీ?”

ఆవిడ నాకేసి చూసి, “కోతల పండక్కి గుడికి ఏం పట్టుకెళ్తావే నువ్వు?” అని అడిగారు.

కోతల పండగ అంటే మా గుళ్ళలో పంట చేతికొచ్చాక జరిగే ఆరాధన. మొదటి కోతలో ధాన్యం, మొదట కాసిన గుమ్మడికాయ, కొబ్బరిగెల, ఎవరికి ఏది పండితే అది దేవుడి ముందు పెడతారు. నేను బీరకాయలు పట్టుకెళ్ళేదాన్ని. అదే చెప్పాను.

“మొదటి బీరకాయ వంకరగా ఉంటే ఇంట్లో ఉంచేసుకుని, సొగసైంది చూసి పట్టుకెళ్తావా?”

“లేదండీ. మొదటిది మొదటిదే కదండీ.”

“మరేనమ్మా. నాకు పండేది ఇదే. రీలులో మొదటిది దేవుడిది. ఆయనకి ఫోటో ఎందుకు గానీ, ఎవరూ ఫోటోలోకి రమ్మని పిలవనివాళ్ళకి ఇచ్చెయ్యమంటాడు. కాలుద్దని ఆయనకి తెలుసు.”

ఆ సగం ఫోటోలని ఆవిడ నిజంగానే పంచిపెట్టేవారు. చాకలావిడకి, సన్నాయి వాయించే ముసలాయనకి, పెళ్ళికూతురి జడ మోసుకుంటూ వెనకాల తిరిగే పేదింటి పిన్నికి. ఎవరిదో తెలియనివి బిస్కట్ల రేకుడబ్బాలో దాచేవారు. నాకు ఆ భక్తి నచ్చింది, ఆ ఫోటోలు మాత్రం నచ్చలేదు. దేవుడికిచ్చేది ఇంకా శుభ్రంగా ఇవ్వొచ్చు కదా అనుకున్నాను.

ఏడాది తర్వాత నన్ను మొదటిసారి ఒక్కదాన్నే ఒక బారసాలకి పంపారు. రెండు ఫోటోలు వదిలేసి, అంకె చూసుకుని, పుస్తకంలో ఉన్నట్టే ముప్ఫయ్యారూ తీశాను. రాజమండ్రి నుంచి ప్రింట్లు రాగానే దొడ్డమ్మగారు వాటిని బల్ల మీద వరసగా పరిచారు. కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ కిందకి దింపి, చివరిదాకా చూశారు.

“ఒక్క తప్పూ లేదు,” అన్నారు.

“చాలా సంతోషమండీ.”

“మెచ్చుకోలేదే నేను. చూడు, తల్లి ఊపిరి బిగబట్టింది. అత్తగారు బిగబట్టింది. ఉయ్యాల్లో ఉన్న పసిగుడ్డు కూడా బిగబట్టేడు. ఉబ్బసం నీకు కదా, వాళ్ళందరికీ ఎందుకు తెప్పించేవు?”

నాకు కోపం వచ్చింది. ప్రింట్లన్నీ గబగబా కవర్లో కుక్కేశాను. మధ్యాహ్నం ఆవిడే క్యారేజీ విప్పి పులసముక్క నా కంచంలో వేసి, “తిను. అలిగినవాళ్ళకి ముల్లు గుచ్చుకుంటాది, చూసుకుని తిను,” అన్నారు. నవ్వు ఆపుకోలేక తిన్నాను. కానీ మనసులో మాత్రం నాదే సరైన పద్ధతని అనుకుంటూనే ఉన్నాను. నన్ను మార్చింది ఆవిడ మాటలు కాదు, నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు.

దొడ్డమ్మగారికి కంటి ఆపరేషను అయి, ఒక కంటికి కట్టుతో ఇంట్లో ఉన్న రోజులవి. రాజోలుకి అవతల ఒక ఊళ్ళో కరుణమ్మ టీచరుగారు పోయారని, ఫోటోలకి రమ్మని కబురొచ్చింది. ఆవిడా, ఆవిడ భర్త మాస్టారూ ఆ చుట్టుపక్కల రెండు తరాలకి చదువు చెప్పినవాళ్ళు. మా క్రైస్తవ కుటుంబాల్లో, సమాధికి తీసుకెళ్ళేముందు శవపెట్టె మూత వేయకుండా ఇంటివాళ్ళందరూ చుట్టూ నిలబడి ఒక ఫోటో దిగడం ఆచారం. దూరాన ఉండి రాలేకపోయినవాళ్ళకి అదే చివరిచూపు. ఏళ్ళ తరబడి ఒకచోట చేరని అన్నదమ్ములు పక్కపక్కన కనబడేది కూడా చాలా ఇళ్ళలో ఆ ఒక్క ఫోటోలోనే. దానికి రెండో అవకాశం ఉండదు.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ వచ్చినవాళ్ళని తీస్తూ ఉన్నాను. ఆ ఊళ్ళో ఆవిడ దగ్గర చదవని మనిషి లేడు. ఇంటివాళ్ళు పెట్టె చుట్టూ చేరే సమయానికి రీలు అయిపోయింది. పడమట మబ్బు నల్లగా పట్టేసింది. పెద్దబ్బాయి సుధాకర్ గారు ఎక్కడో పట్నంలో పెద్ద ఉద్యోగంలో ఉన్నారు. ఆయన, నిలబడలేని మాస్టారిని లోపల కుర్చీలోనే ఉంచి, భార్యాపిల్లల్ని, తమ్ముడి కుటుంబాన్ని ఎడమవైపు వరసగా నిలబెట్టి, “త్వరగా కానివ్వండమ్మా, వాన వచ్చేలా ఉంది,” అన్నారు. గాలి మారేసరికి నాకు ఆయాసం మొదలైంది. గబగబా కొత్త రీలు ఎక్కించి తలుపు వేసి, కెమెరా కంటికి పెట్టుకున్నాను. అందరూ కెమెరాకేసి చూస్తున్నారు. ఎవరూ కదలడం లేదు. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

అప్పుడు కుడివైపు నుంచి నూకాలమ్మ వంగింది. ఆవిడ ముందు ఆ ఇంటికి చేపలు తెచ్చి అమ్మే మనిషి. టీచరుగారు మంచాన పడ్డ రెండేళ్ళూ ఇంట్లోనే ఉండి స్నానం దగ్గర్నుంచి అన్నీ చూసింది. ఆవిణ్ణి ఫోటోలోకి ఎవరూ పిలవలేదు.

“నూకాలూ, పక్కకి రా, ఫోటోలో పడతావు,” అన్నారు సుధాకర్ గారు.

“ఒక్క చిటికండి బాబూ. మేజోడు జారిపోయిందండి,” అంటూ ఆవిడ టీచరుగారి పాదం రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఎందుకు నొక్కానో ఈ రోజుకీ చెప్పలేను. వేలు దానంతటదే నొక్కేసింది. ఆవిడ పక్కకి జరిగాక సరైనది ఇంకొకటి తీద్దామనే అనుకున్నాను. ఇంతలో పెద్ద చినుకులు టపటపా పడ్డాయి, మగవాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి మూత వేసేశారు. చూరు కిందకి చేరాక కెమెరా తుడుస్తూ అంకె చూసుకున్నాను. చిన్న కిటికీలో ‘ఒకటి’ ఇంకా రాలేదు. రెండు ఫోటోలు వదలడం మర్చిపోయాను. మొదటి వారం నుంచీ కంఠస్థంగా ఉన్న నియమం అది.

ప్రింటు వచ్చింది. ఎడమ సగం కాలిపోయింది. సుధాకర్ గారు, ఆయన భార్య, పిల్లలు, తమ్ముడి కుటుంబం, అందరూ నారింజరంగు వెలుగులో కరిగిపోయారు. ఒక భుజమూ, ఒక చీర అంచూ మాత్రం మిగిలాయి. కుడి సగంలో పెట్టె, టీచరుగారి ముఖం, పాదాల దగ్గర వంగిన నూకాలమ్మ స్పష్టంగా ఉన్నారు. అది పట్టుకుని దొడ్డమ్మగారింటికి వెళ్ళి గుమ్మంలోనే ఏడ్చేశాను. ఒక కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క చివరి ఫోటోని నేను పోగొట్టాను. ఆవిడ భర్త పేరు మీద నడుస్తున్న స్టూడియోకి మాట తెచ్చాను.

“ల్యాబులో పాడైపోయిందని చెబుదామండీ,” అన్నాను.

దొడ్డమ్మగారు కట్టు లేని కంటికి దగ్గరగా ప్రింటు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, “సరే. ల్యాబువాడి మీదకే నెట్టేద్దాం. ఈ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోడానికి వెళ్ళేటప్పుడు నువ్వు వెళ్ళకు, నీ బదులు ఆ ల్యాబువాణ్ణి పంపించు,” అన్నారు.

నేను తల దించుకున్నాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. గొంతులో వెటకారం పోయింది.

“విను కృపా. రీలు ఎక్కించి లెక్క చూసుకోకపోవడం తప్పు. నేను సున్నా ఫోటో తెలిసి తీస్తాను, నువ్వు మర్చిపోయి తీసేవు. రెండూ ఒకటి కాదు. దానికి వెళ్ళి క్షమించమని అడగాలి, నీ నోటితోనే అడగాలి. కానీ నూకాలు వంగినప్పుడు నొక్కేవు చూడు, అది తప్పు కాదు. ఇన్నాళ్ళకి ఒకటి తీసేవు. ఏడుపులో ఈ రెండూ కలిపేసుకుని, రేపట్నుంచి మళ్ళీ అందర్నీ ఊపిరి బిగబట్టించకు.”

తప్పూ, ఫోటో వేరువేరు. అంతకుముందు ఎవరూ నాకు అలా విడదీసి చెప్పలేదు. ఎర్రసిరా కలం పేజీ మొత్తాన్ని కొట్టేసేది.

జ్ఞాపకార్థ కూటం రోజున ఇద్దరం వెళ్ళాం. దొడ్డమ్మగారు కంటికి నల్లద్దాలు పెట్టుకుని, గొడుగు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళి కవరు సుధాకర్ గారి చేతికిచ్చాను. “తొందరలో రీలు సరిగా తిప్పలేదండీ. తప్పు నాదేనండీ. క్షమించండి,” అన్నాను. వచ్చేటప్పుడు దారి పొడవునా ఆ మాటలే అనుకుంటూ వచ్చాను కాబట్టి తడబడలేదు.

ఆయన ఫోటో చూసి, “మా కుటుంబం ఏదండీ ఇందులో?” అన్నారు. అరవలేదు. అరిచినా అంత బాధ ఉండేది కాదు. “మా అమ్మతో మా ఆఖరి ఫోటో ఇది. పనిమనిషి ఉంది, మేం లేం. ఇదెవరికి చూపించుకోవాలండీ?”

కుర్చీలో కూర్చున్న మాస్టారు చేయి చాచారు. కొడుకు అయిష్టంగానే ఇచ్చాడు. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టుకుని చూశారు.

“మేజోడు సర్దుతోంది,” అన్నారు. “పాదాలు చల్లబడితే మీ అమ్మకి నిద్రపట్టదురా. పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పింది.” ఆ తర్వాత నాకేసి తిరిగి, “ఇది నా దగ్గర ఉంచుకుంటానమ్మా,” అన్నారు.

సుధాకర్ గారు ఊరుకోలేదు. వేరే ఊళ్ళో కంప్యూటరు మీద అతికించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పాత ఫోటోల్లోంచి అందరి బొమ్మలూ తీసుకుని, పెట్టె చుట్టూ నిలబెట్టించారు. అప్పట్లో అది కొత్త విద్య. ఏడాది తర్వాత అదే ఇంటికి ఇంకో పని మీద వెళ్ళినప్పుడు హాల్లో పెద్ద చట్రంలో చూశాను. ఒక్క మచ్చ లేదు, ఒక్కరూ కాలిపోలేదు, తలలు తెగలేదు, కళ్ళన్నీ కెమెరావైపే ఉన్నాయి. అయితే ఆ బొమ్మలు ఎవరిదో పెళ్ళి ఫోటోలోవి. తల్లి పెట్టె చుట్టూ కొడుకులూ కోడళ్ళూ పట్టుబట్టలు కట్టుకుని, పూలు పెట్టుకుని, పళ్ళు కనబడేలా నవ్వుతున్నారు. పక్కింటావిడ నా చెవిలో, “టీచరుగారు పోతే వీళ్ళకి ఇంత సంబరవేంటండీ అని ఊళ్ళో అడుగుతున్నారండీ,” అంది. నాకు నవ్వు రాలేదు. అది అలా తయారవడానికి మొదటి కారణం నేనే. మాస్టారి గదిలో, మంచం పక్కన గోడకి నా ఫోటో ఉంది, చట్రం లేకుండా, ఒక మేకుకి.

ఇంటికొచ్చి దొడ్డమ్మగారికి చెబితే, పడీపడీ నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. “పాపం, తల్లి దగ్గర నిలబడాలనే కదా అతికించుకున్నాడు,” అన్నారు. ఆవిడ వేళాకోళం ఎక్కడ ఆగుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఇది జరిగాక నేను పుస్తకాన్ని పారేయలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. రీలు ఎక్కిస్తే అంకెని మూడుసార్లు చూసుకునేదాన్ని. కానీ కంటికి కెమెరా పెట్టుకున్నాక, ఎవరైనా కదిలితే వద్దనడం మానేశాను. కదలిక ఎటు వెళుతుందో చూడటం మొదలుపెట్టాను. కొబ్బరిపీచు కొట్టే ఆడవాళ్ళ చేతులు అలుక్కుపోతే అలుక్కుపోనిచ్చాను. ఆ అలుకులోనే ఆ చేతుల వేగం ఉంది. బాప్తిస్మానికి నీళ్ళలో దిగిన పెద్దాయన ముఖం మీంచి చిమ్మిన నీటిచుక్కలు కెమెరా అద్దం మీద పడి మసకబారితే తుడవకుండా తీశాను. ఏ నియమాన్ని ఎప్పుడు వదలాలో, వదిలితే ఎవరికి మేలో ఇప్పుడు నాకు తెలుసు. ఈ మాట పొగరుతో అనడం లేదు. ఒక ఇంటివాళ్ళు నష్టపోతేగానీ నాకు ఆ తెలివి రాలేదు.

దొడ్డమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. బిస్కట్ల రేకుడబ్బా నాకు వదిలేశారు. అప్పుడప్పుడూ సంతలోనో బస్సులోనో ఏదో ముఖం తెలిసినట్టనిపిస్తే, ఇంటికొచ్చి డబ్బా వెతికి, దొరికితే పట్టుకెళ్ళి ఇస్తాను. అలా ఇప్పటికి కొందరికి వాళ్ళ సగాలు చేరాయి.

ఆవిడ పోయిన తర్వాతి సంవత్సరం ఒక సాయంత్రం సుధాకర్ గారు మెట్లెక్కి వచ్చారు. తల నెరిసింది. మాస్టారు కూడా పోయారనీ, ఇల్లు సర్దుతుంటే ఆ ఫోటో గోడకి అతుక్కుని చిరిగిందనీ, నెగటివ్ ఏమైనా ఉందా అనీ అడిగారు. ఉంది. విడిగా ఒక కవర్లో పెట్టి, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటూనే ఉన్నాను. అది చేతికిస్తూ, ఆ రోజు చెప్పిందే మళ్ళీ చెప్పాను. తప్పు నాదేనండీ అని.

ఆయన దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టుకుని చూశారు.

“హాల్లోది తీసేసేనండీ,” అన్నారు. “ఆ రోజు నేను ఎటు చూస్తున్నానో నాకు గుర్తే. మీ కెమెరాకేసి. అందరం మీ కెమెరాకేసే చూసేం. నూకాలమ్మ ఒక్కత్తే అమ్మకేసి చూసింది.” నెగటివ్ తిరిగి నా చేతికిస్తూ, “రెండు కాపీలు చేయండి. ఒకటి ఆవిడకివ్వాలి,” అన్నారు.

ఇప్పుడు రీళ్ళు లేవు. కార్డు పెడితే మొదటి ఫోటో కూడా చివరిదంత శుభ్రంగా వస్తుంది. కాలిపోయేదంటూ ఏమీ లేదు. అయినా ఏ పనికి వెళ్ళినా మొదటిది పిలవనివాళ్ళకే తీస్తాను. దాన్ని దిద్దను, తుడిచేయను. తీసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాను. అది ప్రార్థనో, దొడ్డమ్మగారిని తలుచుకోవడమో నేను విడదీసి చూసుకోలేదు.

మొన్న అమలాపురంలోనూ అంతే. లవంగం బుగ్గన పెట్టుకుని, డబ్బా మూత వేసి, కెమెరా ఎత్తాను. గదినిండా పెళ్ళివారు పెళ్ళికూతురి నగలు చూస్తున్నారు. ఆమె వెనకాల నేల మీద మోకాళ్ళపై కూర్చుని ఒకావిడ పూలజడ కుడుతోంది, పళ్ళ మధ్య రెండు పిన్నీసులు. ఆవిడకేసి నొక్కాను. చప్పుడుకి ఉలిక్కిపడి తలెత్తింది. తెర మీద ఆవిడ చేయి పూలతో కలిసి అలుక్కుపోయింది, ముఖంలో సగమే నిలిచింది.

“నన్నెందుకండీ అమ్మగారూ?” అంది పిన్నీసులు తీసి, నవ్వుతూ.

“మొదటిది మీదేనండీ.”

“అయ్యో, కదిలిపోయేనేమోనండీ.”

“ఆయ్, కదిలేరు,” అన్నాను. ఉంచేశాను.